ఆశ పడదాం, భక్తి వద్దు: శ్రీలంక కొత్త అధ్యక్షుడు, మనం మరిచిపోయిన తెలుగువాళ్లు

2024 డిసెంబర్ 16న శ్రీలంక అధ్యక్షుడు అనుర కుమార దిసనాయకే ఢిల్లీలో ఉన్నారు. పదవిలోకి వచ్చాక ఆయన చేసిన తొలి విదేశీ పర్యటన అది. మన టీవీలకు అందులో ఒక్కటే ప్రశ్న కనిపించింది: ఆయన చైనా వైపా, మన వైపా? ఆ ఏడాది సెప్టెంబర్ నుంచి మన గ్రూపుల్లో విద్యార్థులు అడిగింది మాత్రం వేరు. "అన్నా, చిన్న ఉద్యోగి కొడుకు ప్రెసిడెంట్ అయిండు. ఎర్రజెండా పార్టీ. పెద్ద కుటుంబాల పాలన పోయింది. మనం ఖుషీ కావొచ్చా?"

కావొచ్చు. నేనూ అయ్యాను. అయితే ఆ ఖుషీకి వెనక ఒక చరిత్ర ఉంది. అందులో మనవాళ్లు ఉన్నారు. మనవాళ్లంటే తెలుగు మాట్లాడే అంటరానివాళ్లు, సంచార జాతులవాళ్లు. వాళ్ల వైపు నుంచి చూస్తే ఈ గెలుపు ఎట్లా కనిపిస్తుందో ఈ భాగంలో చెప్పుకుందాం. కొంచెం పొడుగుంటది, ఓపికగా చదవండి.

1. ఏం జరిగింది?

2019 అధ్యక్ష ఎన్నికల్లో దిసనాయకేకు వచ్చినవి 3 శాతం చిల్లర ఓట్లు. 2024 సెప్టెంబర్ 21న వచ్చినవి 42 శాతం పైగా. ఎవరికీ సగం రాకపోవడంతో ఆ దేశ చరిత్రలో మొదటిసారి రెండో ప్రాధాన్యత ఓట్లు లెక్కించాల్సి వచ్చింది. సెప్టెంబర్ 23న ప్రమాణం చేశారు. ఆ వెంటనే పార్లమెంటు రద్దు చేసి నవంబర్ 14న ఎన్నికలు పెడితే, 225 సీట్లలో ఆయన కూటమి నేషనల్ పీపుల్స్ పవర్ 159 గెలిచింది. అంటే మూడింట రెండు వంతులు దాటింది.

ఈ ఐదేళ్లలో ఆయనలో ఏ మహిమా పుట్టలేదు. మారింది దేశం. 2022లో ఖజానా ఖాళీ అయింది, విదేశీ అప్పు కట్టలేమని చేతులెత్తేసింది. పెట్రోల్ కోసం, గ్యాస్ సిలిండర్ కోసం జనం రోజుల తరబడి లైన్లలో నిలబడ్డారు. 'అరగలయ' అనే పోరాటం లేచింది. సింహళంలో ఆ మాటకు పోరాటం అనే అర్థం. జులైలో గొటబయ రాజపక్స దేశం విడిచి పారిపోయాడు. సేనానాయకేలు, బండారనాయకేలు, జయవర్ధనే-విక్రమసింఘేలు, ప్రేమదాసలు, రాజపక్సలు, ఇట్లా చేతివేళ్ల మీద లెక్కపెట్టే కుటుంబాల చుట్టూ తిరిగిన అధికారం మీద జనానికి విసుగు పుట్టింది. ఆ విసుగే ఓటయింది.

ఇందులో మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. సెప్టెంబర్‌లో తేయాకు తోటల జిల్లా నువర ఎలియా ఆయనకు మెజారిటీ ఇవ్వలేదు. తమిళులు, ముస్లింలు ఎక్కువగా ఉండే ఉత్తర, తూర్పు ప్రాంతాలూ ఇవ్వలేదు. అక్కడ సజిత్ ప్రేమదాస ముందున్నాడు. రెండు నెలలు తిరగకుండానే నవంబర్‌లో నువర ఎలియాలోనూ, జాఫ్నాలోనూ ఆయన కూటమే మొదటి స్థానంలో నిలిచింది. తోటల్లో పుట్టిన తమిళ మహిళలు ఇద్దరు, నువర ఎలియా నుంచి కృష్ణన్ కలైసెల్వి, బదుల్ల నుంచి అంబిక సామువేల్, పార్లమెంటుకు వెళ్లారు. రెండు వందల ఏళ్ల తోటల చరిత్రలో ఆ సమాజపు ఆడవాళ్లు పార్లమెంటులో కూర్చోవడం ఇదే మొదటిసారి. ఆకు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఇన్నాళ్లూ వాళ్ల తరఫున మాట్లాడింది మగవాళ్లే.

మొదట నమ్మలేదు, తర్వాత ఒక అవకాశం ఇచ్చి చూద్దామనుకున్నారు. వాళ్లు వేసింది ఆచితూచి వేసిన ఓటు. మన ఆశకు కూడా ఆ తూకం కావాలి.

2. తెలుగు రాజులు, తెలుగు సఫాయి కార్మికులు

శ్రీలంకకు, తెలుగువాళ్లకు సంబంధం ఏంటని అడిగితే మన పండితులు ఒక జవాబు తయారుగా పెట్టుకుంటారు: కాండీని ఏలిన నాయక రాజులు. 1739 నుంచి 1815 దాకా మధుర నాయకుల బంధువర్గం వాళ్లు నలుగురు కాండీ గద్దె మీద కూర్చున్నారు. చివరివాడు శ్రీ విక్రమ రాజసింహుడు. ఇంగ్లీషువాళ్లు పట్టుకుని వేలూరు కోటలో పెట్టారు. అక్కడే 1832లో చనిపోయాడు. "లంకను ఏలిన తెలుగువాళ్లు" అని మీసం తిప్పే వ్యాసాలు మీరూ చదివే ఉంటారు.

సరే, ఏలారు. ఆ రాజుల్లో ఒకడైన కీర్తి శ్రీ రాజసింహుడి కాలంలోనే, 1753లో, సయాం దేశం నుంచి భిక్షువులను రప్పించి లంకలో ఉపసంపదను తిరిగి నిలబెట్టారు. దాన్ని సియాం నికాయ అంటారు. మంచి పనే. కానీ కొద్ది ఏళ్లలోనే ఆ నికాయలో ఉపసంపద గొవిగమ కులానికే పరిమితమైంది. గొవిగమ అంటే భూమి ఉన్న వ్యవసాయ కులం, అక్కడి ఆధిపత్య కులం. బుద్ధుడి సంఘం తలుపు దగ్గర కులం అడిగే ఆచారం తెలుగు మూలాలున్న రాజుల హయాంలో గట్టిపడింది. తీరప్రాంతపు సలాగమ వంటి కులాలవాళ్లు ఊరుకోలేదు. బర్మాకు ఓడ ఎక్కి, అక్కడ ఉపసంపద తీసుకుని, 1803లో తిరిగొచ్చి అమరపుర నికాయ పెట్టుకున్నారు. గుడి తలుపు మూస్తే వేరే గుడి కట్టుకోవడం మనకు తెలిసిన కథే.

ఇప్పుడు రెండో జవాబు చెప్తాను. ఇది ఆ పండితుల వ్యాసాల్లో ఉండదు.

ఇంగ్లీషువాళ్లు కాఫీ తోటలు, తర్వాత తేయాకు తోటలు పెట్టినప్పుడు తమిళ జిల్లాల నుంచి కూలీలను కంగాణీల చేత పట్టించుకుపోయారు. వాళ్లలో పెద్ద భాగం దళితులు: పళ్లర్లు, పరయర్లు, చక్కిలియర్లు. ఈ చక్కిలియర్లనే ఇప్పుడు తమిళనాడులో అరుంధతియర్లు అంటున్నారు. తోలు పని, పాకీ పని వాళ్ల నెత్తిన రుద్దిన కులం. వాళ్లలో చాలామంది ఇంటి భాష తెలుగు. మన మాదిగలకు దగ్గరి చుట్టాలు. తోటలకే కాదు, కొలంబో, కాండీ మున్సిపాలిటీల్లో వీధులు ఊడ్చడానికి, దొడ్లు కడగడానికి కూడా దళితులను తీసుకుపోయారు. కాండీ పట్టణంలో మహైయావ అనే సఫాయి కార్మికుల బస్తీ ఇప్పటికీ ఉంది. 2009లో కాళింగ ట్యూడర్ సిల్వ, శివప్రగాసం, పరంసోతి తంగేశ్ కలిసి శ్రీలంకలో దాచిపెట్టిన కుల వివక్ష మీద తెచ్చిన పుస్తకంలో ఈ బస్తీల సంగతి ఉంది. కాండీ అంటే దంతధాతు మందిరం, నాయక రాజుల కోట. ఆ కోట ఉన్న ఊళ్లోనే తెలుగు పూర్వీకులున్న సఫాయి కార్మికులూ ఉన్నారు. మన చరిత్రకారులు కోట చూసి, ఫోటో దిగి వచ్చేస్తారు.

మూడో జవాబు కూడా ఉంది. అదే నన్ను ఈ వ్యాసం రాయించింది.

శ్రీలంకలో అహికుంటకలు అనే సంచార సమాజం ఉంది. పాములు ఆడిస్తారు, కోతులను ఆడిస్తారు, ఆడవాళ్లు చెయ్యి చూసి సోది చెప్తారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు యాసే. కొందరు బౌద్ధులయ్యారు, తూర్పున కొందరు క్రైస్తవులయ్యారు. సింహళుల మధ్య బతికేవాళ్లకు సింహళ పేర్లు, తమిళుల మధ్య బతికేవాళ్లకు తమిళ పేర్లు ఉంటాయి. ఏ రాజు వెంటా వెళ్లినవాళ్లు కారు, అందుకే ఏ శాసనంలోనూ ఉండరు. మన దగ్గర పాములోళ్లు, బుడగ జంగాలు, ఎరుకలవాళ్లు ఎట్లా ఊరి చివర డేరాలు వేసుకుని బతికారో వాళ్లూ అట్లాగే బతికారు. ఇప్పుడు కొన్ని ఊళ్లలో స్థిరపడ్డారు. వాటిలో అందరికీ తెలిసిన ఊరు కుడాగమ. అది అనురాధపుర జిల్లా తంబుత్తేగమ ప్రాంతంలో ఉంది.

దిసనాయకే పెరిగిందీ, బడికి పోయిందీ తంబుత్తేగమలోనే. తండ్రి సర్వే శాఖలో చిన్న ఉద్యోగి. తంబుత్తేగమ సెంట్రల్ కాలేజీ నుంచి యూనివర్సిటీ మెట్లు ఎక్కిన మొదటి విద్యార్థి అనురే అని చెప్తారు. అంటే పొరుగు దేశపు కొత్త అధ్యక్షుడి సొంత ప్రాంతంలో తెలుగు మాట్లాడే సంచార జాతి ఊరు ఒకటుంది. ఆయన గెలుపు మీద నెలల తరబడి రాసిన మన పత్రికల్లో ఈ ఒక్క వాక్యం నాకు కనిపించలేదు.

3. ఓటు ఎట్లా వచ్చింది, ఎట్లా పోయింది

విద్యార్థులకు ఇది తప్పక తెలియాలి. 1931లో డొనమోర్ రాజ్యాంగంతో సిలోన్‌లో ఆడ, మగ అందరికీ వయోజన ఓటు హక్కు వచ్చింది. అప్పటికి మన దేశంలో ఓటు ఆస్తి ఉన్నవాళ్లకు, చదువుకున్నవాళ్లకు మాత్రమే. ఇక్కడ అంబేద్కర్ సైమన్ కమిషన్ ముందు వయోజన ఓటు కావాలని అడుగుతున్న రోజులవి. తోట కూలీలకు అక్కడ నివాసం రుజువు చేసుకోవాలనే షరతులు పెట్టారు. అయినా లక్షల్లో ఓటర్లయ్యారు.

1947 ఎన్నికల్లో తోటల ప్రాంతం నుంచి సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ తరఫున ఏడుగురు గెలిచారు. ఇంకా కొన్ని నియోజకవర్గాల్లో తోట కూలీల ఓట్లు వామపక్షాలను గెలిపించాయి. కూలీలు సంఘటితమై ఎర్రజెండాతో చేయి కలిపితే ఏమవుతుందో పాలకులకు అర్థమైంది. 1948 ఫిబ్రవరిలో స్వాతంత్య్రం వచ్చింది. అదే ఏడాది 18వ నంబరు పౌరసత్వ చట్టం వచ్చింది. తండ్రి, తాత ఈ దేశంలో పుట్టారని కాగితం చూపించమన్నారు. తోటలో లైన్ ఇంట్లో పుట్టిన కూలీకి పుట్టిన కాగితం ఎవరిస్తారు? తర్వాతి ఏడాది ఎన్నికల చట్టం మార్చి, పౌరులు కానివాళ్లకు ఓటు లేదన్నారు. సుమారు ఏడు లక్షల మందికి పైగా ఒక్క దెబ్బతో ఏ దేశానికీ చెందనివాళ్లయ్యారు. 1947లో ఏడుగురిని పంపిన సమాజం నుంచి 1952లో ఒక్కరూ గెలవలేదు. ఎస్. తొండమాన్ మళ్లీ ఓట్లతో గెలిచి పార్లమెంటుకు పోయేసరికి 1977 వచ్చింది. ముప్పై ఏళ్లు.

తమిళ ఆధిపత్య కులాల నాయకత్వం అప్పుడేం చేసింది? జి.జి. పొన్నంబలం 1948లోనే ఆ ప్రభుత్వంలో మంత్రిగా చేరాడు. ఈ విషయం మీదే చెల్వనాయకం విడిపోయి 1949లో ఫెడరల్ పార్టీ పెట్టాడు. భాష ఒకటైనంత మాత్రాన కూలీ పక్కన నిలబడరు. తెలంగాణలో మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మన దేశం చేతులూ శుభ్రం కాదు. 1964 అక్టోబర్‌లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే కూర్చుని లెక్క తేల్చారు. మొత్తం 9,75,000 మంది. అందులో 5,25,000 మందిని ఇండియా తీసుకోవాలి, 3,00,000 మందికి సిలోన్ పౌరసత్వం ఇవ్వాలి, మిగిలిన 1,50,000 సంగతి తర్వాత చూద్దాం. 1974లో ఇందిరా గాంధీ, సిరిమావో కలిసి ఆ మిగిలినవాళ్లను చెరి సగం, 75,000 చొప్పున పంచుకున్నారు. సంతలో పశువులను పంచుకున్నట్టు పంచుకున్నారు. "మీరు ఎక్కడ ఉంటారు?" అని ఆ కూలీలను అడిగినవాళ్లు లేరు. తిరిగొచ్చినవాళ్లను తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కేరళ, కర్ణాటకల్లో సర్దారు. అక్కడ 'ఇండియావాళ్లు' అనిపించుకున్నవాళ్లు ఇక్కడికొచ్చి 'సిలోన్‌వాళ్లు' అయ్యారు. అక్కడే మిగిలినవాళ్ల పౌరసత్వం సమస్య చట్టంలో పూర్తిగా తీరింది 2003లో.

ఇవాళ మన దేశంలో పౌరసత్వానికి కాగితాలు అడిగే చర్చ జరిగినప్పుడల్లా ఈ 1948 గుర్తు చేసుకోండి. కాగితం అడిగితే మొదట రాలిపోయేది భూమి లేనివాడే.

4. కాండీలో అంబేద్కర్

1950 మే నెలలో బాబాసాహెబ్ సిలోన్ వెళ్లారు. కాండీలో ప్రపంచ బౌద్ధుల సమావేశం జరిగింది, దానికి హాజరయ్యారు. కొలంబోలో కూడా మాట్లాడారు. అక్కడి అంటరానివాళ్లను బౌద్ధంలోకి రమ్మని పిలిచారని ధనంజయ్ కీర్ జీవిత చరిత్రలో రాశారు. మన రాజ్యాంగం అమలులోకి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. తోట కూలీల ఓటు అప్పటికే పోయింది. ఇక్కడ అంటరానివాడికి ఓటు సంపాదించి పెట్టిన మనిషి అడుగుపెట్టిన గడ్డ మీద అంటరానివాడి ఓటు పోయి ఉంది. రెండు దేశాల చరిత్రను ఒకే పుటలో చదవాలంటే ఆ మే నెల చాలు.

బోధన్ పిల్లలకు ఇంకో మాట. మన బోధన్ అశ్మక రాజ్యపు రాజధాని పోదన అని చాలామంది చరిత్రకారులు చెప్తారు. ఆ అశ్మకను పాలి గ్రంథాలు అస్సక అంటాయి. గోదావరి ఒడ్డున, అస్సక ప్రాంతంలో బావరి ఉండేవాడనీ, తన శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడనీ సుత్తనిపాతంలో ఉంది. ఆ పాలి గ్రంథాలను తరాల పాటు కాపాడింది లంక భిక్షువులు. వాటిని మొదటిసారి రాతలో పెట్టింది మాతలే దగ్గర ఆలువిహారలో అని వాళ్ల సంప్రదాయం. మన ఊరి చరిత్రను మనం పోగొట్టుకుంటే వాళ్లు దాచిపెట్టారు. మన్నార్ తీరం నుంచి అడవుల గుండా నడిపించుకుపోయిన కూలీల దారి కూడా ఆ మాతలేకే చేరుతుంది. ఎందరో ఆ దారిలోనే రోగాలతో పోయారు. 2023లో తోటల ప్రజలు రెండు వందల ఏళ్ల గుర్తుగా తలైమన్నార్ నుంచి మాతలే దాకా మళ్లీ నడిచారు. బుద్ధుడి మాట రాతకెక్కిన చోటికే రాతలో లేని మనుషులు నడిచి వచ్చారు.

5. ఇంతకుముందు కూడా ఆశపడ్డారు

1956లో ఎస్.డబ్ల్యూ.ఆర్.డి. బండారనాయకే గెలిచినప్పుడు సామాన్యుడి రాజ్యం వచ్చిందన్నారు. భిక్షువులు, నాటు వైద్యులు, టీచర్లు, రైతులు, కార్మికులు అనే ఐదు శక్తుల పేరుతో వచ్చాడు. గెలిచిన కొద్ది నెలలకే సింహళం ఒక్కటే అధికార భాష అన్నాడు. సామాన్యుడంటే సింహళ సామాన్యుడని తేలింది.

1970లో వామపక్షాలతో కలిసి సిరిమావో గెలిచింది. 1948లో పౌరసత్వ చట్టాన్ని ఎదిరించిన లంక సమసమాజ పార్టీ నాయకులు మంత్రులయ్యారు. అందులో పేరున్న మార్క్సిస్టు కొల్విన్ ఆర్. డి సిల్వ తోటల మంత్రి, రాజ్యాంగ వ్యవహారాల మంత్రి. ఆయన చేతుల మీదుగా 1972లో వచ్చిన రాజ్యాంగం బౌద్ధానికి అగ్రస్థానం ఇచ్చింది. తోటలను ప్రభుత్వం తీసుకుంది. తోట కూలీకి మాత్రం గజం భూమి రాలేదు. ఆ దశాబ్దంలోనే తోటల్లో ఆకలి చావులు. 1977లో డెవాన్ తోట దగ్గర, తోట భూములు బయటివాళ్లకు పంచొద్దని నిలబడిన కూలీల మీద కాల్పులు జరిగాయి. శివను లక్ష్మణన్ అనే యువకుడు చనిపోయాడు. భూసంస్కరణ పేరు చెప్పి కూలీ కాళ్ల కింది నేల లాగేయడం ఎట్లా ఉంటుందో ఇది చూపిస్తుంది.

1988 డిసెంబర్‌లో రణసింఘె ప్రేమదాస గెలిచాడు. గొవిగమ కాని కులం నుంచి, కొలంబో పేదల వాడ నుంచి ఆ కుర్చీ దాకా వచ్చిన మొదటివాడు. పేదలకు ఇళ్లు కట్టించాడు, అది నిజం. ఆయన ఏలుబడిలోనే పల్లెల్లో సింహళ యువకులను వేలల్లో మాయం చేశారు, అదీ నిజం. అధ్యక్షుడి పుట్టుక ఆ పిల్లలను కాపాడలేదు. 1994లో చంద్రిక 62 శాతం ఓట్లతో శాంతి తెస్తానని వచ్చింది. యుద్ధం ఇంకో పదిహేనేళ్లు నడిచింది.

నాలుగుసార్లు ఆశపడ్డారు, నాలుగుసార్లూ కింద ఉన్నవాడే మోసపోయాడు. ఆశపడటం తప్పని నేననడం లేదు. గెలిచిన రోజు నుంచి అడగడం ఆపేయడం తప్పు.

6. జేవీపీ కట్టాల్సిన బాకీ

దిసనాయకే పార్టీ జనతా విముక్తి పెరమున. 1965లో రోహణ విజేవీర పెట్టాడు. గ్రామీణ సింహళ నిరుద్యోగ యువకుల పార్టీ. 1971లో ఒకసారి, 1987-89లో మరోసారి తిరుగుబాటు చేసింది. రెండుసార్లూ రాజ్యం రక్తపుటేరులు పారించింది. రెండోసారి ఆ పార్టీ కూడా తక్కువ తినలేదు. తన మాట వినని వామపక్ష కార్యకర్తలను, ట్రేడ్ యూనియన్ వాళ్లను చంపింది. 2014లో ఆ హత్యలకు దిసనాయకే క్షమాపణ చెప్పారు.

మనకు సంబంధించిన బాకీ ఇంకొకటి ఉంది. విజేవీర కార్యకర్తలకు ఐదు క్లాసులు చెప్పేవాడు. అందులో ఒకటి 'భారత విస్తరణవాదం'. ఆ క్లాసులో తోట కూలీని కార్మికుడిగా చూడలేదు, ఇండియా చేతిలో పనిముట్టుగా చూశారు. దేశంలో అందరికంటే ఎక్కువగా దోపిడీకి గురైన కార్మికవర్గాన్ని పరాయిదిగా చూసిన మార్క్సిజం అది. మన దగ్గర కులం సంగతి ఎత్తితే వర్గం చీలుతుందన్న కామ్రేడ్లతో మనకున్న పాత పంచాయితీ అక్కడ ఈ రూపంలో ఉంది. 2006లో ఉత్తర, తూర్పు రాష్ట్రాల కలయికను సుప్రీంకోర్టులో కొట్టేయించింది కూడా జేవీపీ వాళ్ల పిటిషన్లే.

పార్టీ మారిందా? కొంత మారింది. 2023 అక్టోబర్‌లో హట్టన్ పట్టణంలో తోటల ప్రజల హక్కుల మీద ఒక ప్రకటన చేసింది. వాళ్లను 'ఇండియన్ తమిళులు' అనకుండా వాళ్లు కోరుకున్న 'మలైయహ' పేరుతో గుర్తించింది. మలై అంటే కొండ, వాళ్లు కొండల మనుషులు. 2024 నవంబర్‌లో ఏర్పడిన కేబినెట్‌లో రామలింగం చంద్రశేఖర్, సరోజ పాల్‌రాజ్‌లకు చోటు దక్కింది. ప్రధాని హరిణి అమరసూరియ మా లెక్కనే పాఠాలు చెప్పుకుని బతికిన మనిషి, ఢిల్లీ హిందూ కాలేజీలో చదువుకుంది. అదే కేబినెట్ ఏర్పడినప్పుడు అందులో ముస్లిం ఒక్కరూ లేరు. సంతోషపడే పేర్లతో పాటు లేని పేర్లూ చదవాలి.

7. షక్కర్ నగర్ నుంచి చూస్తే

ఇంత దూరం కథ మనకెందుకు అనుకునేవాళ్లు ఉంటారు. ఆర్మూర్, బాల్కొండ, బోధన్ పల్లెల్లో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లను అడగండి. శ్రీలంక వాళ్లకు మ్యాప్‌లో చుక్క కాదు. క్యాంపుల్లో పక్క మంచం మీద పడుకున్న మనిషి, సేటు ఇంట్లో పనిచేసే ఆడమనిషి. ఒకే పాస్‌పోర్టు కష్టం, ఒకే ఏజెంటు మోసం.

ఆశ గురించి బోధన్‌కు వేరే పాఠం కూడా అక్కర్లేదు. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నాం. 2002లో చంద్రబాబు ప్రభుత్వం ప్రైవేటుకు అప్పగించింది. 2014లో స్వాధీనం చేసుకుంటామన్న మాట మీద ఓట్లు పడ్డాయి. 2015 డిసెంబర్‌లో గేటుకు లే ఆఫ్ నోటీసు పడింది. 2023లో తెరిపిస్తామన్న మాట మీద మళ్లీ ఓట్లు పడ్డాయి, కమిటీ వేశారు. 2024 డిసెంబర్‌కు తొమ్మిదేళ్లు నిండినా చిమ్నీ నుంచి పొగ రాలేదు. తొలి ముఖ్యమంత్రి దళితుడన్న మాట, దళితులకు మూడెకరాలన్న మాట కూడా మన జ్ఞాపకంలోనే ఉన్నాయి. కొత్త నాయకుడు వచ్చినప్పుడు పటాకులు కాల్చడం మనకు బాగా వచ్చు. ఆరు నెలల తర్వాత పోయి అడగడమే రాదు.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించింది దీని గురించే. మతంలో భక్తి ఆత్మకు దారి చూపొచ్చేమో గానీ, రాజకీయాల్లో వ్యక్తి భక్తి పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి తీస్తుందని ఆయన అన్నారు. అప్పటి నాయకులకే కాదు, ఇప్పటి మన ఫ్లెక్సీలకూ ఆ మాట వర్తిస్తుంది. పొరుగు దేశపు నాయకుడిని ప్రొఫైల్ పిక్చర్‌గా పెట్టుకునే తమ్ముళ్లకూ వర్తిస్తుంది.

8. మరి ఏ లెక్కన ఆశపడదాం?

దిసనాయకే ప్రభుత్వాన్ని నేను నాలుగు విషయాల్లో గమనిస్తాను. మీరూ గమనించండి.

ఒకటి, కూలి. 2024 సెప్టెంబర్‌లో తోట కూలీ రోజు కూలి 1,350 శ్రీలంక రూపాయలుగా ఖరారైంది. అప్పటి మన లెక్కలో 400 లోపే. ఐఎంఎఫ్ షరతుల మధ్య ప్రభుత్వం దీన్ని ఎంత పెంచుతుంది, కంపెనీలను ఎట్లా వంచుతుంది?

రెండు, భూమి. లైన్ ఇల్లు తోటది. పని పోతే ఇల్లు పోతుంది. ఇంటి స్థలం కూలీ పేరు మీద, అందులోనూ ఆడమనిషి పేరు మీద పట్టా అవుతుందా? 1972లో చెయ్యని పని ఇప్పుడు చేస్తారా?

మూడు, లెక్క. శ్రీలంక జనాభా లెక్కల్లో జాతి అడుగుతారు, కులం అడగరు. కులం అడగకపోతే కులం లేదనుకుంటారు. మహైయావ సఫాయి కార్మికుడి కొడుకు మళ్లీ చీపురే ఎందుకు పట్టుకుంటున్నాడో ఆ లెక్కల్లో కనిపించదు. మన రాష్ట్రంలో 2024 నవంబర్ నుంచి ఇంటింటి కుల సర్వే జరిగింది కాబట్టి ఈ ప్రశ్న అడిగే అర్హత మనకుంది. మన సర్వేను ఏం చేస్తారో అడిగే బాధ్యత కూడా ఉంది.

నాలుగు, కుడాగమ. అధ్యక్షుడి సొంత ప్రాంతంలో ఉన్న తెలుగు సంచార జాతి పిల్లలు బడికి పోతున్నారా, కాలేజీకి పోతున్నారా? పాము బుట్ట దిగితే వాళ్లకు వేరే బతుకు దొరికిందా?

ఈ నాలుగింట్లో రెండు కదిలినా నా ఆశ నిలబడినట్టే. ఒక్కటీ కదలకపోతే 1956 జాబితాలో ఇంకో సంవత్సరం చేరుతుంది.

తెలుగు సాహిత్యం చదువుతున్న పిల్లలకు ఒక పని చెప్తాను. అహికుంటకల తెలుగులో ఎన్ని పాత మాటలు మిగిలి ఉన్నాయో, అరుంధతియర్ల ఇంటి తెలుగులో తోలు పనికి, వంటకు, చుట్టరికాలకు ఏ మాటలు వాడతారో రికార్డు చేసే పరిశోధన మన యూనివర్సిటీల నుంచి రావాలి. వాళ్ల పిల్లలు సింహళంలోకి, తమిళంలోకి మారిపోతున్నారు. నాయక రాజుల మీద ఇంకో పీహెచ్‌డీ లేకపోయినా లోకం ఆగదు. ఈ మాటలు పోతే మళ్లీ దొరకవు. టాపిక్ తీసుకోవడానికి ఎవరైనా ముందుకొస్తే ఇన్‌బాక్స్‌లో రాయండి, సినాప్సిస్ దగ్గర్నుంచి కలిసి కూర్చుందాం.

వచ్చే భాగం జాఫ్నా మీద. ఎల్‌టీటీఈ కంటే ముందే అక్కడ గుడి ప్రవేశం కోసం, చాయ్ హోటల్లో గ్లాసు కోసం పోరాడిన దళితులు, 'పంచమర్' నవల రాసిన కె. డేనియల్. అప్పటిదాకా, ఈ వ్యాసంతో పేచీ ఉన్నవాళ్లు పేచీ పెట్టండి, జవాబు చెప్తాను.

జై భీమ్.